మా ఆడపిల్లల కబడ్డీ జట్టులో ట్రాన్స్ అమ్మాయి ఆడతానంటోంది. పట్టు దగ్గరే భయం. ఏం చేయమంటారు?

రైడర్_రమ

మాది పశ్చిమ గోదావరిలో ఒక పల్లెటూరు. నేను యూనివర్సిటీ జట్టు దాకా ఆడాను. ఇప్పుడు సాయంత్రాలు హైస్కూల్ గ్రౌండ్‌లో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిస్తున్నాను. పద్నాలుగు మంది వస్తారు, అందరూ 17 నుంచి 24 ఏళ్ళ వాళ్ళు. సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ళ మహిళా జట్లతో టోర్నమెంట్ ఉంది. పేర్లు ఇవ్వాలి.

నాలుగు నెలలుగా ఒక ట్రాన్స్ అమ్మాయి మాతో ప్రాక్టీస్ చేస్తోంది. వయసు 23. ఊళ్ళోనే టైలరింగ్ షాపు నడుపుతుంది. పంతొమ్మిదేళ్ళ దాకా అబ్బాయిల జట్టులో కార్నర్ (వరుస చివర నిలబడి పట్టే స్థానం) ఆడింది. హార్మోన్ల మందులు మొదలుపెట్టి ఏడాదిన్నర అయిందట. చాలా మంచి పిల్ల. అందరికంటే ముందొచ్చి గ్రౌండ్ మీద నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు వేసేది తనే. ఇన్నాళ్ళూ రన్నింగ్, ఫుట్‌వర్క్, కూత వరకే చేయించాను. పోయిన వారం వచ్చి "అక్కా, సంక్రాంతికి నా పేరు కూడా ఇస్తారా" అని అడిగింది.

సరే చూద్దామని పట్టు ప్రాక్టీస్‌లో దింపాను. మా రైడర్ 48 కేజీలు. బోనస్ తీసుకుని వెనక్కి తిరుగుతుంటే తను కార్నర్ నుంచి వచ్చి డాష్ ఇచ్చింది, అంటే ఒంటితో గుద్ది కోర్టు బయటికి నెట్టింది. రూల్ ప్రకారం శుభ్రమైన డాష్, వంక పెట్టడానికి లేదు. కానీ మా పిల్ల లాబీ (కోర్టు పక్కన ఉండే పట్టీ) దాటి, గీత అవతల పెట్టిన నీళ్ళ బిందె దగ్గర పడింది. భుజం కమిలిపోయింది. అదృష్టం, ఎముక విరగలేదు. పడిన పిల్ల కంటే కొట్టిన పిల్లే ఎక్కువ ఏడ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వద్దంటే ఈ పిల్ల మనసు విరుగుతుంది. సరేనంటే ఎవరి ఎముక విరుగుతుందో తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పండి. దయచేసి వెకిలి మాటలు వద్దు.

బుల్లెట్_బాబ్జీ

ఇందులో ఆలోచించడానికి ఏముంది మేడం. అబ్బాయిల్లో పెరిగిన ఒళ్ళు అబ్బాయి ఒళ్ళే. పేరు ఇవ్వకండి, అయిపోయింది.

అమలాపురం_అబ్బాయి

బాబ్జీ గారూ, అంత తేలిగ్గా తేలేదైతే ఆవిడ ఇక్కడికొచ్చి అడగరు కదా. 48 కేజీల పిల్లకి 70 కేజీల ఆడపిల్ల డాష్ ఇచ్చినా బిందె దాకానే వెళ్తుంది. మా చెల్లెలు 72 కేజీలు. అది కవర్‌లో నిలబడితే అవతలి రైడర్లు గీత తొక్కి కూత మింగేసి వెనక్కి పరిగెత్తేవాళ్ళు. మా చెల్లెల్ని ఎవరూ జట్టులోంచి తీసేయమనలేదు.

రిటైర్డ్_రిఫరీ

చెల్లెలి గురించి చెప్పింది నిజమే గానీ, అందుకే కబడ్డీలో బరువు పరిమితి ఉంది. సీనియర్ మహిళలకు 75 కేజీలు, పురుషులకు 85. కోర్టు కూడా వేరు. మగవాళ్ళకు 13 మీటర్లు పొడవు, 10 వెడల్పు. ఆడవాళ్ళకు 12, 8. ఆడా మగా శరీరాల తేడా చూసే ఈ కొలతలు పెట్టారు.

బరువు తూచే రోజు నేను చాలా ఏళ్ళు కాటా దగ్గర కూర్చున్నాను. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని పిల్లలు, గాజులు తీసి, జడలో క్లిప్పులు తీసి, ఊపిరి బిగబట్టి కాటా ఎక్కేవాళ్ళు. వంద గ్రాములు ఎక్కువొస్తే గ్రౌండ్ చుట్టూ పరుగో పరుగు. అయితే ఊళ్ళ టోర్నమెంట్లలో కాటా కనిపించేది ఎక్కడ? రమగారూ, ముందు మీ టోర్నమెంట్ వాళ్ళని బరువు తూస్తారో లేదో అడగండి.

రైడర్_రమ

తూయరు సార్. పోయినేడు ఒక జట్టులో 85 దాటిన అమ్మాయి ఆడింది. మా ట్రాన్స్ అమ్మాయి 66 కేజీలే. బరువు ఒక్కటే చూస్తే ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆ డాష్‌లో ఉన్న ఊపు 66 కేజీల ఊపులా లేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఫిజియో_సునీత

రమగారూ, మీ చేతికి తెలిసింది నిజమే, దానికి కారణం ఉంది. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

యుక్తవయసులో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ చేసే పని కండ పెంచడంతో ఆగదు. ఎముక పొడవు, మందం, భుజాల వెడల్పు, గుండె, ఊపిరితిత్తుల పరిమాణం, అన్నీ అప్పుడే స్థిరపడతాయి. తర్వాత హార్మోన్ తగ్గిస్తే కొన్ని వెనక్కి వస్తాయి, కొన్ని రావు. రక్తంలో హిమోగ్లోబిన్ మూడు నాలుగు నెలల్లోనే ఆడవాళ్ళ స్థాయికి దిగుతుంది. అందుకే వాళ్ళకు ఆయాసం త్వరగా వస్తుంది. కండ మాత్రం నెమ్మదిగా కరుగుతుంది. 2021లో హిల్టన్, లుండ్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఏడాది చికిత్స తర్వాత కండ, బలం తగ్గింది దాదాపు 5 శాతమే. ఎముక పొడవు ఎటూ తగ్గదు.

అమెరికా వైమానిక దళంలో పనిచేసే ట్రాన్స్ వ్యక్తుల ఫిట్‌నెస్ రికార్డుల మీద 2020లో ఇంకో అధ్యయనం వచ్చింది. రెండేళ్ళ చికిత్స తర్వాత ట్రాన్స్ మహిళల పుషప్స్ తోటి మహిళలతో సమానమయ్యాయి. ఒకటిన్నర మైలు పరుగులో మాత్రం ఇంకా 12 శాతం వేగంగానే ఉన్నారు. అంటే "అంతా పోతుంది" అనేవాళ్ళదీ తప్పే, "ఏమీ పోదు" అనేవాళ్ళదీ తప్పే.

పట్టు ఆటలో దెబ్బ తీవ్రతను తేల్చేది బరువు, వేగం, కండ ఎంత చురుగ్గా బిగుస్తుందన్నది. తగిలించుకునే వైపు మెడ బలం. ఆడవాళ్ళ మెడ కండలు సన్నవి, తలకు కుదుపు వస్తే మెదడు దెబ్బ తినే అవకాశం ఎక్కువ. మోకాలి లిగమెంట్ కూడా అమ్మాయిలకే ఎక్కువ తెగుతుంది. నా దగ్గరికి వచ్చే కబడ్డీ పిల్లల్లో సగం మంది మోకాలి కేసులే.

లీడ్స్_లక్ష్మి

మా అమ్మాయి ఇక్కడ ఇంగ్లండ్‌లో రగ్బీ ఆడుతుంది, పదహారేళ్ళు. అందుకే ఈ గొడవ మొత్తం దగ్గర్నుంచి చూశాను.

వరల్డ్ రగ్బీ 2020 ఫిబ్రవరిలో లండన్‌లో డాక్టర్లను, శాస్త్రవేత్తలను, లాయర్లను, ట్రాన్స్ ప్రతినిధులను కూర్చోబెట్టి మాట్లాడించింది. అదే ఏడాది అక్టోబర్‌లో, మగ యుక్తవయసు దాటాక మారిన ట్రాన్స్ మహిళలు అంతర్జాతీయ మహిళల రగ్బీ ఆడకూడదని చెప్పింది. ప్రపంచ స్థాయి క్రీడా సంఘాల్లో ఇలా చెప్పిన మొదటిది అదే. వాళ్ళ లెక్క ప్రకారం అలాంటి శరీరం వచ్చి టాకిల్ చేస్తే, అంటే పట్టి కింద పడేస్తే, ఆడపిల్లకు గాయమయ్యే ప్రమాదం కనీసం 20 నుంచి 30 శాతం ఎక్కువ. పతకాల మాట తర్వాత, ముందు భద్రత మాట చెప్పారు. స్థానిక ఆటల సంగతి ఆయా దేశాలకు వదిలేశారు. కెనడా సంఘం దాన్ని సమర్థించలేమంది. ఇంగ్లండ్ సంఘం 2022 జులైలో ఓటు పెట్టింది. నిషేధానికి 33, వద్దని 26. చూడండి ఎంత దగ్గరగా వచ్చిందో. మరుసటి నెలలో ఐర్లండ్, ఆ తర్వాత వేల్స్ అదే దారి పట్టాయి.

తల్లిగా నాకు ఆ నిర్ణయం నచ్చింది. నా కూతురు టాకిల్ అయ్యి లేవకపోతే ఆ ఐదు సెకన్లు ఎలా ఉంటాయో నాకే తెలుసు. కానీ మా క్లబ్బులో ఒక ట్రాన్స్ మహిళ ఆరేళ్ళుగా ఆడేది. ఆ వారం తర్వాత కూడా వచ్చింది. బూట్లు వేసుకోలేదు. నారింజ ముక్కలు కోసి డబ్బాలో పెట్టి, ఆట సగం అయ్యాక పిల్లలందరికీ పంచింది. మా అమ్మాయి తన ముక్క తినలేక చేతిలో పట్టుకునే ఉంది. నాకు నచ్చిన నిర్ణయం వెనక అది కూడా ఉంది.

లెక్కల_మాస్టారు

లక్ష్మి గారు చెప్పిన 20-30 శాతం గురించి ఒక మాట. అది ట్రాన్స్ మహిళలు టాకిల్ చేసిన ఆటల్లో గాయాలు లెక్కపెట్టి తెచ్చిన అంకె కాదు. ఆడా మగా శరీరాల బరువు, వేగం, బలం తేడాల నుంచి గట్టిన అంచనా. అప్పట్లో ఎనభైమందికి పైగా విద్యావేత్తలు దీన్ని తప్పుపడుతూ ఉత్తరం రాశారు.

మనుషుల సంఖ్య కూడా చూడండి. ఐర్లండ్ నిషేధం పెట్టినప్పుడు రిజిస్టరైన ట్రాన్స్ మహిళలు ఇద్దరు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2025 జూన్ 1 నుంచి నిషేధించినప్పుడు ఔత్సాహిక ఆటలో ఉన్నవాళ్ళు 20 మంది. అమెరికా కాలేజీ క్రీడల సంఘం అధ్యక్షుడు చార్లీ బేకర్ 2024 డిసెంబర్‌లో సెనేట్ ముందు చెప్పింది, 5,10,000 మందిలో పదిమంది కూడా లేరని. ఇంత కొద్దిమంది కోసం ఇంత రభసా?

కవర్_కవిత

మాస్టారూ, పడేది నేనైతే నాకు ఒక్కరు చాలు.

నేను ఇప్పుడు ఆడుతున్నదాన్ని, 21 ఏళ్ళు, జిల్లా జట్టు. పై పోస్టులన్నీ చదివాను. అందరూ మా ఎముకల గురించే మాట్లాడుతున్నారు, ఆడేవాళ్ళని అడిగినవాళ్ళు లేరు. జట్టు తక్కువైతే మేం అబ్బాయిలతో ప్రాక్టీస్ చేస్తాం, ఇది ప్రతి ఊళ్ళో ఉన్నదే. రెండేళ్ళ క్రితం అలా ఆడుతుంటే నా కాలర్ బోన్ విరిగింది. పట్టుకున్న అబ్బాయి నాకంటే మూడు కేజీలు తక్కువ. "టక్" మని చప్పుడు నా చెవికి లోపలి నుంచి వినబడింది. మూడు నెలలు ఎడమ చేత్తో జడ వేసుకోలేక అమ్మ దగ్గర కూర్చునేదాన్ని. ఆ ఏడాది సెలెక్షన్స్ పోయాయి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కోసం ఆడే ఇళ్ళలో ఒక సీజన్ పోతే ఏమవుతుందో తెలుసా? పెళ్ళి సంబంధాలు మొదలవుతాయి.

ఆ ట్రాన్స్ అమ్మాయి మీద నాకు కోపం లేదు. నా పక్కన చైన్ పట్టడానికి వస్తే చెయ్యి ఇస్తాను. ఎదురు జట్టులో ఉండి నన్ను డాష్ కొట్టడానికి మాత్రం ఒప్పుకోను.

బుల్లెట్_బాబ్జీ

కవితమ్మా, బాగా చెప్పావు. అమెరికాలో ఫాలన్ ఫాక్స్ అని ఒక ట్రాన్స్ ఫైటర్ 2014లో తమికా బ్రెంట్స్ అనే ఆవిడ కంటి ఎముక విరగ్గొట్టింది. ఇంకా సాక్ష్యం కావాలా. ప్యారిస్ ఒలింపిక్స్‌లో కూడా అదే కదా జరిగింది, అల్జీరియా బాక్సర్‌తో.

నిజామాబాద్_పంచ్

బాబ్జీ అన్నా, రెండోది తప్పు. ఇమాన్ ఖలీఫ్ ట్రాన్స్ కాదు. ఆడపిల్లగా పుట్టింది, ఆడపిల్లగా పెరిగింది, పాస్‌పోర్టు అదే. ఇటలీ బాక్సర్ ఏంజెలా కరీని 46 సెకన్లకే బౌట్ వదిలేసి పోయింది, ఆ వీడియో చూసి ప్రపంచమంతా నోటికొచ్చింది రాసింది. అర్హత పరీక్షల మీద వివాదం వేరే సంగతి, అది ట్రాన్స్ సంగతి కాదు. రెండూ కలిపేస్తే ఎక్కడివాళ్ళకో ఇక్కడ శిక్ష పడుతుంది.

ఫాక్స్ బౌట్ నిజమే. కానీ అదే ఫాక్స్‌ను 2013లో యాష్లీ ఎవాన్స్ స్మిత్ ఓడించింది. కంటి ఎముక విరగడం ఆడవాళ్ళ మధ్య బౌట్లలో కూడా ఉన్నదే. ఒక్క బౌట్ పట్టుకుని అటూ చెప్పొచ్చు, ఇటూ చెప్పొచ్చు.

మా నిఖత్ జరీన్ ఊరు మాది, బాక్సింగ్ అంటే మాకు పిచ్చి. నేనూ ఐదేళ్ళు గ్లవ్స్ వేసిన. ఆడ మగ తేడా అన్నిటికంటే ఎక్కువ కనపడేది గుద్దులోనే. 2020లో అమెరికాలోని యూటా యూనివర్సిటీవాళ్ళు కొలిచిన్రు, గుద్దే కదలికలో మగవాళ్ళ సగటు శక్తి ఆడవాళ్ళకంటే 162 శాతం ఎక్కువ వచ్చింది. అది హార్మోన్ చికిత్స లేని మగవాళ్ళ లెక్క, ఆ మాట మర్చిపోవద్దు. అయినా అందులో ఏడాదిన్నరకు ఎంత పోతుందంటే, రింగులో నేనైతే ఒప్పుకోను. కబడ్డీ సంగతి మీరు చూసుకోండి.

బుల్లెట్_బాబ్జీ

ఖలీఫ్ గురించి తెలియక రాశాను. దిద్దుకుంటున్నాను.

నిర్వాహకుడు

ఒక సభ్యుడి పోస్టు తీసేశాను, ఖాతా నెల రోజులు ఆపాను. ట్రాన్స్ వ్యక్తులను ఏ మాటలతో పిలవకూడదో ఈ వేదికలో ముందే చెప్పి ఉంది. అభిప్రాయం ఎంత గట్టిగానైనా చెప్పండి, మనిషిని తిట్టకండి.

వెన్నెల_24

తీసేసేలోపే చదివాను, పర్వాలేదు. అలవాటైన మాటలే.

నేను ట్రాన్స్ మహిళను, హైదరాబాద్. స్కూల్లో జావెలిన్ విసిరేదాన్ని, ఇప్పుడు ఏ ఆటా లేదు. మందులు మొదలుపెట్టి నాలుగేళ్ళు. సునీత గారు రాసింది నా ఒంటికి తెలుసు. మొదటి ఏడాదిలోనే గ్యాస్ సిలిండర్ భుజాన వేసుకుని రెండో అంతస్తు ఎక్కలేకపోయాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతో కూడా ఏడ్చాను. ఇంతకుముందు ఎత్తేదాన్ని కదా అని ఒకవైపు, ఈ ఒళ్ళు మారుతోంది కదా అని ఇంకోవైపు. కానీ నా చేతులు పొడవే, భుజాలు వెడల్పే. అద్దంలో రోజూ చూస్తూనే ఉన్నాను, అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కవిత గారూ, మీ కాలర్ బోన్ మాట చదివి నేనైతే మీ ఎదురు జట్టులో దిగను అనుకున్నాను. నిజంగా.

నా భయం వేరే. ఇవాళ ఒక ట్రాన్స్ అమ్మాయిని ఆపడానికి పెట్టే పరీక్ష రేపు ఎవరి మీదికి వెళ్తుంది? కాస్త పొడుగ్గా, మీసాల నూగుతో, గొంతు బొంగురుగా ఉన్న ప్రతి ఆడపిల్ల మీదికి. నిజాం కాలంలో 1919లో మాలాంటివాళ్ళ పేర్లు రిజిస్టరులో రాసుకుని, వీధిలో చీర కడితే వారంట్ లేకుండా పట్టుకునే చట్టం ఉండేది. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. మమ్మల్ని పరీక్ష చేయడం, పట్టిక రాయడం మాకు పాత కథ.

స్ప్రింటర్_77

వెన్నెల గారి భయం ఊరికే కాదు. తమిళనాడు శాంతి సౌందరాజన్ 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో 800 మీటర్ల రజతం గెలిచింది. పరీక్ష చేసి పతకం వెనక్కి తీసుకున్నారు. ఆడపిల్లగానే పుట్టి పెరిగింది. టీవీల్లో ఆమె శరీరం గురించి దేశమంతా మాట్లాడుకుంది. పరుగుల రాణి ద్యుతీ చంద్‌ను ఒంట్లో టెస్టోస్టిరాన్ ఎక్కువుందని 2014లో కామన్వెల్త్ గేమ్స్ జట్టులోంచి తీసేశారు. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో శిక్షణ తీసుకుంటూనే అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానంలో పోరాడి 2015లో ఆ నిబంధనను ఆపించింది. వీళ్ళెవరూ ట్రాన్స్ కాదు.

ఒలింపిక్స్‌లో ఇది ఇంకా పాత పాఠం. 1996 అట్లాంటాలో 3,387 మంది మహిళలకు జన్యు పరీక్ష చేస్తే ఎనిమిది మందికి పాజిటివ్ వచ్చింది. ఎనిమిది మందినీ ఆడనిచ్చారు, ఎందుకంటే అందరూ ఆడవాళ్ళే. 1999లో ఆ పరీక్షే మానేశారు.

నిజామాబాద్_పంచ్

మానేసింది మళ్ళీ వచ్చింది స్ప్రింటర్ అన్నా. వరల్డ్ అథ్లెటిక్స్ 2025 సెప్టెంబర్ నుంచి మహిళల విభాగానికి ఎస్ఆర్‌వై జన్యు పరీక్ష పెట్టింది, మామూలుగా మగవాళ్ళలో ఉండే జన్యువు ఉందా లేదా అని చూసేది. వరల్డ్ బాక్సింగ్ కూడా అంతే, ఆ సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ పోటీలకు మన నిఖత్‌తో సహా ఆడవాళ్ళందరికీ తప్పలేదు. ఫ్రాన్స్ అమ్మాయిల ఫలితాలు టైమ్‌కి రాలేదని జట్టు మొత్తాన్ని ఆడనియ్యలేదు. చెంప లోపల పుల్లతో రుద్దుతారు, చెవి పుల్ల లాంటిదే, నొప్పి ఉండదు. బట్టలు విప్పించే కాలం కంటే అది వేయి రెట్లు నయం.

ఫిజియో_సునీత

నొప్పి ఉండదు నిజమే, కానీ ఫలితం చెప్పేవాళ్ళు ఎవరు? ఆ జన్యువు ఉన్నా టెస్టోస్టిరాన్ ఒంట్లో అసలు పనిచేయని ఆడవాళ్ళు ఉంటారు. పుట్టుకతోనే ఆడవాళ్ళలా పెరుగుతారు, చాలామందికి పెళ్ళయ్యాక పిల్లలు పుట్టనప్పుడు గానీ తెలియదు. ఆ జన్యువును 1990లో కనిపెట్టిన ఆండ్రూ సింక్లెయిరే, దీన్ని ఆడా మగా తేల్చే పరీక్షగా వాడటం తప్పని 2025లో రాశాడు. పెద్ద పోటీల్లో డాక్టర్లు, కౌన్సెలర్లు ఉంటారు. మన మండల స్థాయిలో ఆ కాగితం పీఈటీ గారి టేబుల్ మీద పడి ఉంటే, సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఊళ్ళలో ఆ పరీక్ష మాట ఎత్తకండి. చేతులెత్తి అడుగుతున్నాను.

అడ్వొకేట్_మూర్తి

చట్టం సంగతి అడుగుతారేమోనని రాస్తున్నా. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు ఎవరి లింగ గుర్తింపు వాళ్ళు చెప్పుకునే హక్కు ఇచ్చింది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం చదువు, ఉద్యోగం, వైద్యం, ప్రజలందరికీ ఉండే సదుపాయాల్లో వివక్ష కూడదంది. అయితే ఏ ఆటలో ఎవరు ఏ విభాగంలో ఆడాలో అందులో రాయలేదు. అది ఆ ఆట సంఘం నిబంధనల పని. గ్రౌండ్‌కే రావద్దనడం వేరు, పట్టు ఉన్న మ్యాచ్‌లో మహిళల జట్టులో తీసుకోకపోవడం వేరు. రెండోదానికి భద్రత కారణం చూపించొచ్చు. మొదటిదానికి మీ దగ్గర ఏ కారణమూ లేదు.

అమలాపురం_అబ్బాయి

మరి ఆ అమ్మాయి ఎక్కడ ఆడాలి? అబ్బాయిల జట్టులోనా? అక్కడ ప్రేక్షకులు చేసే కామెంట్లు రమగారికి తెలియవా? పదిమంది అబ్బాయిలు పట్టు పేరుతో మీద పడితే ఆ అమ్మాయి భద్రత ఎవరికీ అక్కర్లేదా? దీని గురించి ఒక్కరూ రాయలేదు.

వెన్నెల_24

థాంక్స్ అబ్బాయి గారూ. నేను రాయలేకపోయింది మీరు రాశారు.

కేరళలో 2017లోనే ప్రభుత్వ స్పోర్ట్స్ కౌన్సిల్ ట్రాన్స్‌జెండర్లకు క్రీడా పోటీలు పెట్టింది. మణిపూర్‌లో 2020లో ట్రాన్స్ పురుషులు ఫుట్‌బాల్ జట్టు కట్టుకున్నారు. మనకు అలాంటివి లేవు. ఒక ఊళ్ళో మేం ఒక్కళ్ళమో ఇద్దరమో ఉంటాం. జట్టుకు ఏడుగురు కావాలి. మాకోసం వేరే విభాగం అని తేలిగ్గా అంటారు, ఒక్కళ్ళం కూత పెట్టి ఎవరిని ముట్టుకోవాలి?

కవర్_కవిత

ఈ చివరి మాట చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

నా మాట మార్చుకోవడం లేదు. కానీ ప్రాక్టీస్‌లో ఉండనివ్వాలి, కూత, బోనస్, టచ్ వరకు ఆడనివ్వాలి. మా జిల్లా క్యాంపులో కొన్ని రోజులు పట్టు లేకుండా టచ్ కబడ్డీ ఆడిస్తారు, కాళ్ళ చురుకు కోసం. రమక్కా, ఊళ్ళో ఒకరోజు అలాంటి మ్యాచ్ పెట్టి చూడండి. ఆడా మగా కలిపి పెట్టినా ఎవరికీ దెబ్బలు తగలవు.

రిటైర్డ్_రిఫరీ

కవిత చెప్పింది జరిగే పని. టచ్ తగిలితే అవుట్, పట్టుకుంటే ఫౌల్. ముప్ఫై సెకన్ల కూత. నేను ఈల పట్టుకుని వస్తాను, బస్సు చార్జీ కూడా అడగను. వేడి వేడి గారెలు పెడితే చాలు.

ఇంకో మాట. ఆ టోర్నమెంట్‌లో బరువు తూయరని మీరే అన్నారు. 85 కేజీల పిల్ల 45 కేజీల పిల్లని పట్టినప్పుడు ఎవరికీ గుర్తురాని భద్రత ఇప్పుడే గుర్తొస్తే, ఆ ట్రాన్స్ అమ్మాయికి ఏమనిపిస్తుంది? ముందు కాటా పెట్టించండి. ఆ తర్వాత భద్రత అన్నమాట మీ నోట్లోంచి వస్తే నమ్ముతుంది.

లీడ్స్_లక్ష్మి

రిఫరీ గారి మాటకు నా ఓటు. ఇక్కడ మౌత్‌గార్డ్ లేకపోతే ప్రాక్టీస్‌కే దిగనివ్వరు. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, పిల్ల ఎంత బతిమాలినా ఆరోజు మళ్ళీ ఆడించరు. ఆ అలవాట్లు అన్నీ ఉన్న ఆటలో కూర్చుని ట్రాన్స్ నిబంధన గురించి మాట్లాడారు.

రైడర్_రమ

అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. ఏం జరిగిందో చెప్పాలి.

ఆ డాష్ తర్వాత తను రెండు రోజులు గ్రౌండ్‌కి రాలేదు. నిన్న మధ్యాహ్నం షాపుకి వెళ్ళాను. ఎవరిదో పెళ్ళి జాకెట్ కుడుతోంది, మెడలో టేపు వేలాడుతోంది. మిషన్ ఆపలేదు. నేనే మొదలుపెట్టాను. పట్టు ఉన్న మ్యాచ్‌కి నీ పేరు ఇవ్వలేనమ్మా అన్నాను. ఎందుకో చెప్పాను, సునీత గారు రాసిందంతా నాకొచ్చిన మాటల్లో చెప్పాను. ఎముకల సంగతి, మెడ సంగతి. నువ్వు తప్పు చేయలేదు, నీ డాష్ శుభ్రంగానే ఉందని కూడా చెప్పాను.

అప్పుడు మిషన్ ఆపింది. "సరే అక్కా. కానీ పిల్లలకి నేనే మానుకున్నానని చెప్పొద్దు. మీరు తీసుకోలేదని చెప్పండి" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం పిల్లలందరినీ గీత మీద కూర్చోబెట్టి అలాగే చెప్పాను, నేను తీసుకోలేదు, కారణం ఇదీ అని. ముగ్గురు ఒప్పుకోలేదు. వాళ్ళలో ఒకత్తె భుజం కమిలిన మా 48 కేజీల రైడరే. "నాకు తగిలింది కదక్కా, నేనేమీ అనలేదు కదా" అంది. మిగతావాళ్ళు ఏమీ మాట్లాడలేదు. కొందరి మొహంలో ఊరట కనిపించింది, అది కూడా దాచను.

టోర్నమెంట్ పెద్దలతో మాట్లాడాను. కాటా పెట్టడానికి ఒప్పుకున్నారు, 75 దాటితే ఆడనివ్వరు. రైస్ మిల్లు కాటా తెస్తారట. మ్యాట్ మాత్రం కుదరదన్నారు, రెండు ట్రాక్టర్ల ఇసుక పోయించమని అడిగాను. టచ్ మ్యాచ్ కనుమ నాడు మధ్యాహ్నం, ఆడా మగా కలిపి. తన పేరు రాయనా అని మెసేజ్ పెట్టాను. ఇంకా చూడలేదు.

అమలాపురం_అబ్బాయి

నేను, మా చెల్లెలు ఇద్దరం వస్తాం కనుమకి. రాసుకోండి. చెల్లెలు ఇప్పుడు 78, అందుకే మెయిన్ టోర్నమెంట్‌కి ఎలాగూ పనికిరాదు.

వెన్నెల_24

రమగారూ, నేను ఆమె స్థానంలో ఉంటే రెండు మూడు రోజులు మెసేజ్ చూడను. మళ్ళీ మళ్ళీ పెట్టకండి. రోజూ గ్రౌండ్‌లో నీళ్ళు చల్లే పని మాత్రం ఇంకెవరికీ అప్పచెప్పకండి.

ఫిజియో_సునీత

భుజం కమిలిన పిల్లకి పదిరోజులు పట్టు వద్దు. చెయ్యి తల పైకి పూర్తిగా లేస్తోందా, నొప్పి లేకుండా? లేకపోతే ఎక్స్‌రే తీయించండి, కాలర్ బోన్ చివర సన్న చీలిక ఒక్కోసారి మొదట తెలియదు.

రైడర్_రమ

చెవి దాకా లేస్తోంది, ఆపైన నొప్పి అంటోంది. రేపు పొద్దున్నే భీమవరం తీసుకెళ్తాను. వెన్నెల గారూ, ఇవాళ గ్రౌండ్‌లో నీళ్ళు ఎవరూ చల్లలేదు. దుమ్ములోనే ఆడాం.